బడి గోడ మీది బొమ్మ: మన ప్రాథమిక పాఠశాలల్లోకి చిత్రకళ వచ్చిన దారి

మన పూర్వ విద్యార్థుల సంఘానికి యాభై ఏళ్ళు నిండిన ఈ శుభ సందర్భంలో సంచికకు ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి కట్టిన తీరు, పనిచేసిన ప్రధానోపాధ్యాయులు, పేరు తెచ్చిన బ్యాచులు, ఇవన్నీ మిగతా మిత్రులు రాస్తున్నారు. నేను మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోని ఒక విషయం ఎత్తుకున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మన పిల్లలు వేసే బొమ్మల సంగతి.

దీనికి ఒక కారణం ఉంది. మొన్న స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో ప్రైమరీ విభాగం గోడలకు రంగులు వేయించాలని మాట్లాడుకున్నాం. ఒక మిత్రుడు ఫోన్‌లో కొన్ని నమూనాలు చూపించాడు. టీవీ కార్టూన్లలోని ఎలుకలు, పిల్లులు, పొగ వదిలే రైలుబండి, ఇంగ్లీషు అక్షరాలు. పెయింటరు చదరపు అడుక్కు ఇంత అని రేటు కూడా చెప్పాడట. అందరం తలూపాం, నేను కూడా. ఇంటికి వచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మధ్య పుట్టి పెరిగిన మనకు గోడ మీద వేసుకోవడానికి ఇంకేమీ దొరకలేదా అనిపించింది. ఆ ఆలోచనలోంచి వచ్చిందే ఈ వ్యాసం.

మన మొదటి డ్రాయింగ్ పుస్తకం

మా బ్యాచు ప్రైమరీలో ఉన్నప్పుడు, అంటే 1960ల చివర్లో, డ్రాయింగ్ అనే పీరియడ్ లేదు. పలక, బలపం ఉండేవి. సారు బయటికి పోయినప్పుడు పలక మీద వేసిందే బొమ్మ. చెరిపేయడానికి ఆకు పసరు, లేదంటే ఉమ్మి. అందరి బొమ్మా ఒక్కటే. రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. మా ఊళ్ళో ఒక్క కొబ్బరిచెట్టు లేదు, ఉన్నవన్నీ తాటిచెట్లే. అయినా ఎవరూ తాటిచెట్టు వేయలేదు. బొమ్మంటే కొబ్బరిచెట్టు ఉండాలని మాకెవరు చెప్పారో ఇప్పటికీ అర్థం కాదు.

ఇంట్లో మాత్రం బొమ్మలకు కొదవ లేదు. పండుగ వస్తే అమ్మ గోడలకు జాజు పూసి, అంచున సున్నంతో గీతలు గీసేది. వాకిట్లో ముగ్గు సరేసరి. బోనం కుండకు పసుపు, సున్నం చుక్కలు. బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలకు రంగులద్ది, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, పైకి పోయినకొద్దీ చిన్నదయ్యే చుట్లు. ఏ స్కేలు, ఏ వృత్తలేఖిని లేకుండా అంత లెక్కగా ఎట్లా వచ్చేదో! మోదుగ పూలు ఉడకబెట్టి హోలీకి రంగు చేసేవాళ్ళం. ఏరువాకకు మట్టి ఎడ్లు చేసేవాళ్ళం. ఇవన్నీ చేసిన చేతులే బళ్ళోకి పోగానే రెండు గుట్టలు, ఒక కొబ్బరిచెట్టు దగ్గర ఆగిపోయేవి.

హైస్కూలుకు వచ్చాక డ్రాయింగ్ సారు ఉండేవారు. ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలకు కొందరిని తయారు చేసేవారు. ఎదుట కూజా పెట్టి, దాన్ని తేడా లేకుండా గీయాలి. నీడ ఎటు పడుతుందో చూపాలి. చేయి తిరగడానికి అది మంచి సాధనే. ఇక మిగతా పిల్లలకు గురువు 'చందమామ'. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ వేసిన బేతాళుడు, చిత్ర గీసిన రాజకుమారులు, వీటి మీద నూనె కాగితం పెట్టి దించుకున్నవాళ్ళు మన సంఘంలో ఇప్పటికీ ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే సగం హాలు లేస్తుంది.

చూసి గీయడమా, తోచింది గీయడమా?

ఆ కూజా డ్రాయింగుకు ఒక చరిత్ర ఉంది. బ్రిటిషువాళ్ళ కాలంలో మద్రాసులో 1850లో, ఆ తర్వాత కలకత్తా, బొంబాయిల్లో కళా పాఠశాలలు వెలిశాయి. ఇంగ్లండులో ఫ్యాక్టరీ సరుకుకు డిజైన్లు గీసే పనివాళ్ళను తయారుచేయడానికి ఏర్పడ్డ పద్ధతే అక్కడికీ వచ్చింది. నమూనా ముందు పెట్టి, గీత తప్పకుండా దించడం దాని సారం. అక్కడి నుంచి అది పరీక్షల్లోకి, పరీక్షల నుంచి హైస్కూలు డ్రాయింగు పీరియడ్‌లోకి దిగింది.

దీనికి ఎదురు మాట కూడా ఆ కాలంలోనే లేచింది. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లో పిల్లలకు ప్రత్యేకంగా చిత్రకళ తరగతి తెరిచాడు. పెద్దల బొమ్మలను దించనీయకుండా, పిల్లలకు తోచింది వేయనిచ్చాడు. జపాన్‌లో యమమోటో కనాయె అనే చిత్రకారుడు 1919లో నగానో ప్రాంతపు పల్లె బడిలో పిల్లల స్వేచ్ఛా చిత్రాల ప్రదర్శన పెట్టాడు. అక్కడా అప్పటిదాకా ప్రభుత్వం ఇచ్చిన నమూనా పుస్తకం చూసి దించడమే చదువు. "నమూనా పక్కన పెట్టండి, కిటికీలోంచి చూడండి" అన్నది ఆయన ఉద్యమం సారాంశం. మన దేశంలో రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌లో 1901లో బడి, 1919లో కళాభవన్ ప్రారంభించారు. చెట్టు కింద కూచొని చెట్టును గీయడం అక్కడ పాఠం. 1937లో వార్ధాలో గాంధీజీ ముందుకు తెచ్చిన నయీ తాలీం చేతిపనిని చదువు నడిమధ్యకు తెచ్చింది. సేవాగ్రామ్‌లో దేవీప్రసాద్ పిల్లలకు చిత్రకళ నేర్పి, ఆ అనుభవం మీద పుస్తకమే రాశారు.

ఇవన్నీ దూరపు సంగతులు అనుకోవద్దు. ఆ శాంతినికేతన్ దారి మన మహబూబాబాద్ పల్లె దాకా వచ్చింది.

పెనుగొండ పిల్లవాడు

కేసముద్రం దగ్గరి పెనుగొండలో 1924లో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు హన్మకొండలో చదువుకొని, హైదరాబాదు కళాశాలలో చిత్రకళ నేర్చుకొని, శాంతినికేతన్‌కు వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర శిష్యరికం చేశారు. తిరిగి వచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలోనే అధ్యాపకులయ్యారు. పురాణ కావ్య ఘట్టాలు ఆయన కుంచెకు ఇష్టమైన వస్తువులు. కాకతీయ శిల్పాన్ని ఏళ్ళ తరబడి గీసి, చదివి, రాశారు. 1975 ప్రపంచ తెలుగు మహాసభల నాటి తెలుగుతల్లి చిత్రం ఆయనదే. 2012లో కన్నుమూశారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. దేశంలో ఎక్కడెక్కడో చదివి వచ్చిన మనిషి చివరికి వెతుక్కున్నది తన ఊరికి దగ్గరి రాళ్ళనే. సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసిన కాపు రాజయ్య కూడా అంతే. బోనాలు, బతుకమ్మ, పల్లె పనిపాటలు ఆయన వస్తువులు. మన నకాశీ పటాల రీతిని తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. వీళ్ళిద్దరినీ మన ప్రైమరీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నాకు తెలిసింది కూడా ఉద్యోగంలో చేరాకే.

గుట్ట మీది పలక

మన ప్రాంతంలో బొమ్మల చరిత్ర ఎక్కడ మొదలవుతుందో చెప్పాలంటే భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టకు పోవాలి. ఆ గుట్టల కింద, వాన తగలని చోట్ల ఆదిమానవులు వేసిన రంగు బొమ్మలున్నాయి. 1990లో ఇవి వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, దుప్పి, పులి, చిరుత, విల్లంబులు పట్టిన మనుషులు, వృత్తాలు, చతురస్రాలు, స్వస్తిక గుర్తులు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు. ఎర్రరంగు చూస్తే నాకు మా అమ్మ గోడకు పూసిన జాజే గుర్తొచ్చింది.

ఐదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోయిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు చెప్పిన మాట ఇది. ఒక పిల్లవాడు చాలాసేపు చూసి, "సారూ, గీళ్ళకు గూడ బొమ్మ మంచిగ రాకపోయేదా?" అన్నాడట. పిల్లవాడి మాట నవ్వు తెప్పిస్తుంది కానీ అందులో ఒక ధైర్యం ఉంది. గీత వంకర పోయినా అది వేల ఏళ్ళు నిలిచిందని తెలిస్తే, "నాకు డ్రాయింగ్ రాదు" అనే మాట పిల్లల నోట రాదు.

అదే జిల్లాలో గణపురం కోటగుళ్ళున్నాయి. ఒకే ప్రాకారంలో 22 గుళ్ళ సముదాయం. కొద్ది దూరంలో, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన పాలంపేటలో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో దానికి చోటు దక్కింది. నల్లరాతి మదనికలు, నాట్య భంగిమలు, కోలాటం ఆడే స్త్రీలు. నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్ళీ నిలబెట్టినప్పుడు జాయపసేనాని గ్రంథంతో పాటు ఈ శిల్పాలే ఆయనకు ఆధారం. అక్కడి ఒక శిల్పంలో ముగ్గురు నర్తకులకు కలిపి నాలుగే కాళ్ళు. ఏ ఇద్దరిని చూసినా కాళ్ళు సరిపోతాయి. ఈ ఒక్క శిల్పం చాలు, నాలుగో తరగతిలో ఒక వారం గడిచిపోతుంది. కాగితం మీద ముగ్గురు మనుషులను నాలుగు కాళ్ళతో నిలబెట్టమంటే పిల్లలు వదలకుండా కూచుంటారు. నేను చేయించి చూశాను కనుక చెబుతున్నాను.

గుడ్డ మీది కథ, రేకు మీది పువ్వు

చేర్యాల 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల విభజనలో సిద్దిపేటకు పోయింది గానీ, మా చిన్నప్పుడు అది మన జనగామ పక్క ఊరే. అక్కడి నకాశీలు వేసే పటాలను ఇప్పుడు ప్రపంచమంతా చేర్యాల చిత్రాలు అంటోంది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకు మాత్రం అవి గోడకు తగిలించే అలంకారాలు కావు, కథ చెప్పే సాధనాలు. సుమారు మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవున్న గుడ్డను కర్రకు చుట్టుకొని ఊరూరా తిరిగేవారు. రాత్రి పటం విప్పుతూ, ఒక్కో గడి చూపుతూ కులపురాణం చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం, ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు పాండవుల కథ, మాదిగలకు డక్కలి వాళ్ళు జాంబపురాణం. యాదవులకు మందెచ్చుల వాళ్ళు కాటమరాజు కథ చెప్పేది పటంతో కాదు, బొమ్మలతో. ఆ బొమ్మలు చేసేదీ నకాశీలే. చదువు రాని జనానికి ఆ పటమే పుస్తకం, ఆ రాత్రే బడి.

చేసే పద్ధతి పిల్లలకు చెప్పదగినది. ముతక నూలు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, తిరుమణి చెట్టు జిగురు కలిపి మూడుసార్లు పూసి ఆరబెడతారు. ఆ తర్వాత ఎర్రటి నేల రంగు. ఉడుత వెంట్రుకల కుంచెతో గీత. పూర్వం దీపపు మసి నలుపు, పేవిడి పసుపు, నీలి, శంఖం నుంచి తెలుపు. చింతగింజల ముద్దలో చెక్కపొట్టు కలిపి ముసుగులు చేస్తారు, చిన్న ముసుగులకు కొబ్బరి చిప్ప అడుగున పెడతారు. ఇందులో మన పల్లెలో దొరకనిదంటూ పెద్దగా లేదు.

జనగామకు కూతవేటు దూరంలో పెంబర్తి. అక్కడి విశ్వకర్మలు ఇత్తడి రేకును లక్క మీద పరిచి, ఉలితో, సుత్తితో కొట్టి పూలు, దేవతామూర్తులు లేపుతారు. కాకతీయుల కాలం నాటి నుంచి గుళ్ళ కవచాలకు, రథాలకు, వాహనాలకు వాళ్ళ పనే. నిజాం కాలంలో పాన్‌దానులు, అత్తరు దానులు చేశారు. ఆ చప్పుడు వింటూ పెరిగిన పిల్లలు మన క్లాసులోనే ఉండేవారు. ఒకడు సైన్సు పీరియడ్‌లో మందుగోలీల అట్ట మీది రేకు తీసి, మొద్దు పెన్నుతో వెనక నుంచి గీసి హంసను లేపేవాడు. సారు దాన్ని లాక్కొని బయట పారేశారు. ఇప్పుడు దాన్నే టీచర్ల శిక్షణలో "ఫాయిల్ ఎంబాసింగ్" అని కొత్తగా చెబుతున్నారు.

తండా అద్దాలు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1990లో నేను మహబూబాబాద్ ప్రాంతంలో ఒక తండా బడిలో టీచరుగా ఉన్నాను. ఏపీపీఈపీ శిక్షణలు జోరుగా నడుస్తున్న కాలం. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో 1984లో కొన్ని బడుల్లో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటా విస్తరించిన ప్రాథమిక విద్యా పథకమది. అందులో ఆరు బోధనా సూత్రాలు ఉండేవి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పనిచేయాలి, స్థానిక పరిసరాలను వాడుకోవాలి, పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలి. చివరి సూత్రం కోసం మేమంతా గోడ నుంచి గోడకు తాడు కట్టి, కాగితాలకు పిన్నులు పెట్టి వేలాడదీశాం. ప్రైమరీ బడిలో పిల్లల బొమ్మకు అధికారికంగా చోటు దొరకడం నేను చూసినంతలో అదే మొదలు. 1996లో డీపీఈపీ వచ్చినప్పుడు తొలి విడత ఐదు జిల్లాల్లో మన వరంగల్ ఒకటి. రంగు చార్టులు, బోధనోపకరణాలు ఇంకా పెరిగాయి.

ఆ తాడుకు తగిలించడానికి నేను ఒక పోటీ పెట్టాను. "మీ ఇంటి బొమ్మ" అని పేరు. అందరూ కాగితాలు తెచ్చారు. నాలుగో తరగతి పిల్ల ఒకతె చిన్న గుడ్డముక్క తెచ్చింది. ఎర్ర గుడ్డ మీద నాలుగు అద్దాలు, చుట్టూ పసుపు, ఆకుపచ్చ దారాల కుట్టు, అంచుకు గవ్వలు.

"ఇదేంది?" అన్నాను.

"మా ఇల్లు సారూ. గివి నాలుగు గదులు. యాడి నేర్పింది, నేనే కుట్టిన."

"బొమ్మంటే కాగితం మీద వేయాలి బిడ్డా. రేపు వేసుకరా" అని తిప్పి పంపాను.

మర్నాడు ఆ పిల్ల కాగితం తెచ్చింది. రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, ఒక ఇల్లు, పక్కన కొబ్బరిచెట్టు. దాన్ని తాడుకు తగిలించాను. తనిఖీకి వచ్చినవారు మెచ్చుకున్నారు కూడా. ఆ పిల్ల మళ్ళీ ఎన్నడూ గుడ్డ తేలేదు.

"స్థానిక పరిసరాలను వాడుకోవాలి" అని శిక్షణలో నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ పరిసరమే చేతికి తెచ్చి ఇస్తే గుర్తుపట్టలేదు. బంజారా ఆడవాళ్ళ పేటియా, కాంచళి, టుక్రి మీది కుట్టు ఎంత పాతదో, రాజస్థాన్ వైపు నుంచి బళ్ళతో, ఎడ్లతో దేశమంతా తిరిగిన జాతి జ్ఞాపకం అందులో ఎట్లా ఉందో ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. లంబాడీ భాషకు సొంత లిపి లేదు. ఆ కుట్టులోని వరుసలే వాళ్ళ రాత అనిపిస్తుంది నాకు. భూపాలపల్లి వైపు పోతే నాయకపోడుల లక్ష్మీదేవర, రంగులద్దిన కొయ్య గుర్రపు ముఖం ఉంది. కోయల పడిగెలు, తమ వంశాల కథ చెప్పే త్రికోణపు గుడ్డ పటాలు, ఉన్నాయి. ఇవి దేవుడి వస్తువులు, వాళ్ళకు పూజనీయాలు. వాటిని బడికి ఎట్లా తేవాలో, ఎంతవరకు తేవాలో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి.

అడిగి గీయడం

ఈ మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఈ రోజుల్లో పెద్ద ప్రైవేటు బడుల్లో "వివిధ సంస్కృతుల చిత్రకళ" అని ప్రాజెక్టులు చేయిస్తున్నారు. ఒక వారం వర్లీ, ఒక వారం మధుబని, ఇంకో వారం ఆఫ్రికా ముసుగు, ఆస్ట్రేలియా చుక్కల చిత్రం. మన మనుమలు, మనుమరాళ్ళు అమెరికాలో చేసే ప్రాజెక్టులూ ఇట్లాగే ఉంటాయి. చెడ్డది కాదు. పిల్లల కన్ను విశాలమవుతుంది. కానీ గోధుమరంగు కాగితం మీద తెల్లటి త్రికోణాలు వేసి "ఇది వర్లీ" అనడంతో పాఠం అయిపోతే, ఆ బొమ్మ ఎవరు, ఏ పెండ్లినాడు, ఎందుకు వేస్తారో పిల్లలకు తెలియదు. బొమ్మ ఉంటుంది, మనుషులు ఉండరు.

మన దగ్గర ఆ ఇబ్బంది లేదు. ఆ మనుషులు పక్క వీధిలోనే ఉన్నారు. చేర్యాల పటం వేయించాలంటే ముందు నకాశీ ఇంటాయనను పిలిచి కథ చెప్పించవచ్చు. కథ విన్నాక పిల్లలు ఏ గడిలో ఏ ఘట్టం రావాలో వాళ్ళే తేల్చుకుంటారు. రామాయణమే గీయనక్కర లేదు. మన ఊరి చెరువు తెగిన కథ, బడికి కరెంటు వచ్చిన కథ అయినా సరే. రీతి పాతది, కథ వాళ్ళది. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో నేను చేసింది ఇదే. పాత నూలు చీర ముక్కకు గంజి, చింతగింజల అంబలి పూసి, జాజు నేల వేసి, ఇరవై అడుగుల పటం చేశాం. మొదటి పూత బూజు పట్టింది. అంబలి సరిగా ఉడకలేదని ఒక పిల్లవాడి నాయనమ్మ వచ్చి చెప్పింది. రెండోసారి ఆమే ఉడకబెట్టింది. నలభై మంది పిల్లలు, నలభై గడులు. పటం విప్పుతూ ఒక్కొక్కరు తమ గడి కథ చెప్పారు. తెలుగు వాచకం చదవడానికి నోరు పెగలని పిల్లలు కూడా ఆ రోజు ఆగకుండా మాట్లాడారు.

ఇందులో తెలుగు ఉంది, లెక్క ఉంది, చరిత్ర ఉంది. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక కళలు, సాంస్కృతిక విద్యను ఒక పాఠ్య విషయంగానే చేర్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా స్థానిక వృత్తులు నేర్చుకొమ్మంటోంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. అయితే 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదవండి. కళా విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలన్నది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ వందమందికి మించి పిల్లలు ఉన్నచోటే. ఐదో తరగతి లోపు పిల్లలకు చిత్రకళ నేర్పే మనిషి చట్టంలోనే లేడు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే బడిలో బొమ్మలు ఎవరు వేయిస్తారు? ఆ ఖాళీ పూరించగలిగింది ఊరు, ఊళ్ళోని కళాకారులు, మనలాంటి పూర్వ విద్యార్థులే.

సంఘానికి నా విన్నపం

కాబట్టి గోడల విషయం మళ్ళీ ఆలోచిద్దామని సంఘం పెద్దలను కోరుతున్నాను. పెయింటరుకు ఇవ్వదలచిన సొమ్ముతోనే ఈ పని అవుతుంది.

ఐదు తరగతులకు ఐదు గోడలు. ఒకటో తరగతి గోడకు ముగ్గు, బతుకమ్మ చుట్లు. రెండో తరగతికి పాండవుల గుట్ట జంతువులు, పిల్లల చేతితోనే, వంకరగా ఉన్నా సరే. మూడో తరగతికి తండా అద్దాల కుట్టు వరుసలు, నేర్పడానికి తండా తల్లులు, వాళ్ళకు రోజు కూలి తప్పకుండా ఇవ్వాలి. నాలుగో తరగతికి రామప్ప నర్తకులు. ఐదో తరగతికి చేర్యాల రీతిలో మన బడి యాభై ఏళ్ళ కథ, గడి గడిగా. పెంబర్తి పనివారితో ఒక రోజు, రేకు మీద అక్షరాలు లేపే పని. చేసే కళాకారులకు పారితోషికం ఇవ్వాలి, శాలువా కప్పి సరిపెట్టవద్దు. ప్రతి బొమ్మ కింద వేసిన పిల్లల పేరు రాయాలి. మూడేళ్ళకు ఒకసారి సున్నం కొట్టి కొత్త పిల్లలకు గోడ అప్పగించాలి. కార్టూన్ ఎలుకను ఏ ఊరి బడి గోడ మీద అయినా చూడవచ్చు. ఇది మన బడి గోడ మీదే ఉంటుంది.

నకాశీ పటాలు వేసే ఇండ్లు ఇప్పుడు చేర్యాలలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పటం విప్పి కథ చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. పటం కొనేవాళ్ళు నగరాల్లో ఉన్నారు కానీ, దాని కథ తెలిసినవాళ్ళు మన ఊళ్ళలోనే ఉండాలి. ఆ కథ తర్వాతి తరానికి చేరడానికి మన దగ్గర ఉన్న చోటు ప్రైమరీ బడే.

ఆ తండా పిల్లకు ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. ఆమె పిల్లలు కూడా చదువులు పూర్తి చేసి ఉంటారు. మూడో తరగతి గోడ మీద అద్దాల కుట్టు వేసే రోజున నేను అక్కడుంటాను. కుంచె నేను పట్టుకోను. ఏ పిల్ల గుడ్డముక్క తెచ్చినా తీసుకొని, "ఇది ఏమి బొమ్మ బిడ్డా, చెప్పు" అని అడగడానికి మాత్రం ఒక కుర్చీ వేయించండి.